ఎడమ భుజం

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. బతికున్నవాళ్ళతో వేగడానికే ఓపిక చాలని మనిషిని, పోయినవాళ్ళను కూడా ఎక్కడ నెత్తిన పెట్టుకోను? అందుకే ఆ పొద్దున వదిన వెనక గది కిటికీ దగ్గర నిలబడి, "ఇప్పుడే వెళ్ళాడు బడికి" అన్నప్పుడు గుండీ కుడుతున్న చెయ్యి ఆపలేదు. ఎవరని అడగలేదు. మా ఇంట్లో "వాడు" అంటే ఒక్కడే. వాడు పోయి అప్పటికి నెలలు గడిచాయి.

వాడు మా అన్నయ్య కొడుకు. ఎనిమిదేళ్ళవాడు. బళ్ళో రాయించిన పేరు ఒకటుంది గానీ ఇంట్లో దాన్ని ఎవరూ వాడలేదు. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ఆపకుండా వాగుతూనే ఉండేవాడు కనక వసపిట్ట అన్నాను నేను. అదే పిట్టయి కూర్చుంది. అన్నం తింటూ వాగేవాడు, నిద్రలో వాగేవాడు, మిషను చప్పుడు మీద తన మాట వినపడాలని ఇంకా గట్టిగా వాగేవాడు. "చెవులు చిల్లులు పడుతున్నాయి, కాసేపు నోరు ముయ్యరా" అని నేను తిట్టని రోజు లేదు. వేసవి సెలవుల ముందు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అన్నారు. వారం తిరక్కుండానే ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది.

మాది కుట్టుపని ఇల్లు. వీధివైపు గది దుకాణం, దాని వెనక రెండు గదుల్లో మా కాపురం. దుకాణంలో రెండు మిషన్లు, పొడుగాటి బల్ల, మూలన ఇస్త్రీ పెట్టె. అన్నయ్య గుడ్డ కోస్తాడు, వదిన మిషను తొక్కుతుంది, కాజాలూ గుండీలూ నావి. పెళ్ళయిన ఏడాదికే నేను పుట్టింటికి తిరిగొచ్చేశాను. ఎందుకన్నది ఇక్కడ అక్కర్లేదు, ఆ మనిషి అసలే అక్కర్లేదు. వీధి చివర చిన్న బడి ఉంది. ఆ బడి పిల్లల చొక్కాలు మా నాన్న కాలం నుంచీ మేమే కుడుతున్నాం. ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా అదే తెల్ల చొక్కా, అదే నీలం టోపీ.

మా దుకాణం దాటగానే వీధి పక్కకు తిరుగుతుంది. ఆ మలుపులో పిల్లల ఛాతీ ఎత్తున గోడ ఉంది. వెనక గది కిటికీలోంచి చూస్తే ఆ గోడ అవతల బడికి పోయే పిల్లల టోపీలూ భుజాలూ మాత్రం కనిపిస్తాయి. అదీ వీపువైపు నుంచే. మొహాలు కనపడవు.

"ఎలా తెలుసు వాడేనని?" అని రెండో రోజు అడిగాను, ఊరుకోలేక.

"ఎడమ భుజం" అంది వదిన.

పిట్టకు నడక వచ్చిన కొత్తలో అన్నయ్య గుడ్డ కోసే బల్ల మీదికెక్కి కిందపడ్డాడు. మెడ పక్కన ఎముక విరిగింది. అతుక్కుంది గానీ ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉండిపోయింది. దుకాణాల్లో కొన్న చొక్కా ఏది వేసినా కాలరు ఓ పక్కకు జారేది. బళ్ళో పిల్లలు ఏడిపించారని ఒకసారి ఏడుస్తూ వచ్చాడు. అన్నయ్య వాణ్ణి బల్ల మీద నిలబెట్టి, "నీ భుజం వంకర కాదురా, వాళ్ళు కుట్టే చొక్కాలే వంకర" అని కొలతలు తీసి, ఎడమవైపు వేలు మందాన దించి చొక్కా కుట్టాడు. అది వేసుకుంటే వాడు నిటారుగా కనిపించేవాడు. ఇక ఆ చొక్కా గురించి వీధి వీధంతా చెప్పుకొచ్చాడు వెధవ.

"అందరూ కాస్త కాస్త వాడిలాగే ఉంటారు" అంది వదిన, కిటికీ ఊచ పట్టుకుని. "చివర్న వెళ్ళేవాడు మాత్రం అచ్చం వాడే. ఒక్కడే వెళ్తాడు. ఒక్కసారైనా వెనక్కి తిరిగితే బావుండు."

"తిరగడు వదినా. తిరిగితే ఎవరి పిల్లాడో తెలిసిపోతుంది" అన్నాను. నా నోరు అంతే. ఆమె కోపం తెచ్చుకుంటే బావుండేది. వినపడనట్టే నిలబడింది.

ఆ తర్వాత ఆమె దుకాణంలోకి రావడం మానేసింది. గడప దాటడం ఎప్పుడో మానేసింది. పొద్దున పిల్లలు వెళ్ళేవేళకు కిటికీ దగ్గరకు చేరేది. చివరి టోపీ మలుపు తిరిగేదాకా కదిలేది కాదు. తర్వాత కిటికీ పక్కనున్న మంచం మీదే కూర్చునేది, సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చేదాకా. వచ్చేటప్పుడు పిల్లలు అవతలి వీధిలోంచి పోతారు, కనపడరు. అయినా కూర్చునేది. ఇల్లు మెల్లగా ఆమె చూపుకు లొంగిపోయింది. గిన్నె కింద పడినా అందరం ఉలిక్కిపడేవాళ్ళం. ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు, వాడు ఏదైనా అంటే వినపడాలన్నట్టు. నాకు ఒళ్ళు మండేది. మండినా నేను కూడా గొంతు తగ్గించే మాట్లాడేదాన్ని.

అన్నయ్య సంగతి వేరు. వాడు పోయిన తర్వాత బల్లను తిప్పేసి వీధికి వీపు పెట్టుకున్నాడు. తలుపులోంచి బయటికి చూసేవాడు కాదు. వచ్చినవాళ్ళతో నేనే మాట్లాడాలి. వాడు పోయిన కొద్దిరోజులకే బడి చొక్కాల పని వచ్చింది. వద్దని చెప్పమన్నాను. వినలేదు. తెల్లారిన దగ్గర్నుంచి గుడ్డ మీదే వంగి ఉండేవాడు. పని చేస్తే మర్చిపోతాడులే అనుకున్నాం. ఏం మర్చిపోతాడో, ఎలా మర్చిపోతాడో మేమెవరమూ ఆలోచించలేదు.

ఇంకొకరున్నారు ఇంట్లో. పిట్ట అక్క. వాడికంటే రెండేళ్ళు పెద్దది, పేరుకే పెద్దది గానీ పీలగా ఉంటుంది, ఇద్దరూ ఒకే ఎత్తు. మేం పెద్దది అనే పిలుస్తాం. తమ్ముడు వాగుతుంటే వినడమే దాని పని కాబట్టి దానికి మాట్లాడే అలవాటు లేదు. తన డబ్బా తనే సర్దుకునేది, తన బట్టలు తనే ఉతుక్కునేది, బడికి ఎప్పుడు వెళ్ళేదో ఎప్పుడు వచ్చేదో మాకు తెలిసేది కాదు. ఒకరోజు కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టి, "తలలో పేలు పడ్డాయి, జుట్టు కత్తిరించెయ్ అత్తా" అంది. చూశాను, నాకు ఒక్క పేను కూడా కనపడలేదు. అడుగుతోంది కదా అని కత్తిరించాను. నా పని తొందర నాది.

వదిన అన్నం మానేసే దాకా వచ్చాక అన్నయ్య వాళ్ళ బావగారికి ఫోను చేశాడు. ఆయన వదినకు సొంత అన్న, పక్క ఊళ్ళో ఉంటాడు. ఆదివారం కారు తీసుకొచ్చి చెల్లెల్ని వాళ్ళింటికి తీసుకెళ్తానన్నాడు. అక్కడ మంచి డాక్టరు ఉన్నాడట, కొన్ని నెలలు ఉంచుకుంటాడట. ఆ మాట వదినతో చెప్పింది నేనే. ఇంట్లో చేదు మాటలు చెప్పే పని ఎప్పుడూ నాదే.

"నేను రాను" అంది.

"నీ మంచికే వదినా."

"నేను వెళ్తే రోజూ పొద్దున వాణ్ణి ఎవరు చూస్తారు?" అంది. ఆ అడగడంలో పిచ్చి లేదు. నన్ను చూసి, నెమ్మదిగా, ఇంట్లో నీళ్ళు ఎవరు పడతారు అన్నట్టు అడిగింది. "ఎవరూ చూడకపోతే వాడు రావడం మానేస్తాడు. అప్పుడు నేను కూడా ఉండను. మీ అన్నయ్యకు చెప్పు."

చెప్పలేదు. ఆ మాట ఆయనతో అనడానికి నాకు కూడా నోరు రాలేదు.

మర్నాడు పొద్దున వదిన ఇంకా స్నానంలో ఉండగానే, రోజూకంటే ముందుగా పిల్లల సందడి వినపడితే, ఆ కిటికీ దగ్గర నేను నిలబడ్డాను. ఏమీ లేదని నా కళ్ళతో చూసి గట్టిగా చెబుదామని. గోడ మీదుగా టోపీలు వచ్చాయి. ముందు ఓ నలుగురు పెద్దపిల్లలు, మామూలుగానే. తర్వాత ఒకడు. ఎడమ భుజం కిందికి వాలి ఉంది. వాడి వెనక ఇంకొకడు. వాడి భుజం కూడా అంతే. ఆ పక్కన ముగ్గురు గుంపుగా, నవ్వుకుంటూ, ముగ్గురి ఎడమ భుజాలూ ఒకే తీరుగా దిగి ఉన్నాయి. మా పిట్ట ఒకడు కాదు, వీధి నిండా ఉన్నాడు. చివర్న కొంచెం ఎడంగా ఒకడు ఒంటరిగా వచ్చాడు, ఆ వాలు, ఆ తల కాస్త పక్కకు పెట్టడం, అంతా వాడే. నేను ఊచలు పట్టుకుని "ఒరేయ్" అన్నాను. వాడు మలుపు తిరిగిపోయాడు.

దయ్యాల మీద నమ్మకం లేదని చెప్పాను కదా. ఆ రోజంతా నేను కుట్టిన గుండీలు మళ్ళీ విప్పి కుట్టాల్సి వచ్చింది. ఒంటరిగా వెనక గదిలోకి వెళ్ళలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే కారులో నన్ను కూడా ఎక్కిస్తారు.

శనివారం మధ్యాహ్నం మందుల షాపావిడ వచ్చింది. వీధి మొదట్లో వాళ్ళ షాపు, కొడుకు పిట్ట తరగతే. ఆవిడ నోరూ నా నోరూ వీధిలో అందరికీ తెలుసు. అన్నయ్య లోపల భోజనం చేస్తున్నాడు. చేతిలో ఉన్న తెల్ల చొక్కా బల్ల మీద పడేసింది.

"ఇదేం కుట్టడమమ్మా? మావాడు వంకరగా నడుస్తున్నాడు. ఎముకల డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళాం. ఏమీ లేదన్నాడు. చొక్కా విప్పితే బాగానే ఉంటాడు, వేస్తే ఒరిగిపోతాడు."

"మా చొక్కాల్లో వంకర ఉండదు. మీవాడు బ్యాగు ఓ పక్కకే తగిలించుకుంటాడేమో. ముందు ఆ రాళ్ళ మూట బ్యాగు తగ్గించండి."

"బ్యాగు లేకుండా కూడా చూశాను. నాకు కళ్ళు లేవనుకున్నావా? ఎడమ చంక దగ్గర పట్టేస్తోందట. భుజం కిందికి దించితే హాయిగా ఉంటుందట. వాడొక్కడే కాదు, వాడి తరగతంతా అలాగే నడుస్తున్నారు. పోయి చూడు, ఒరిగిన బొమ్మల్లాగ."

నేను మెల్లగా ఆ చొక్కా తీసుకుని, మధ్యకు మడిచి, రెండు భుజాల కుట్లూ ఒకదాని మీద ఒకటి పెట్టాను. కలవలేదు. ఎడమది దిగి ఉంది. వేలు మందాన.

"సాయంత్రం లోపల బాగు చేసి ఇస్తాం. వెళ్ళండి" అన్నాను. వెళ్తూ వెళ్తూ "ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.

మా అన్నయ్య బడి పిల్లల్ని ఒక్కొక్కరినీ కొలవడు. మా నాన్న నేర్పిన పద్ధతి అది. వయసుకో సైజు, సైజుకో దళసరి అట్ట. గుడ్డ పొరలు పొరలుగా పరిచి, పైన అట్ట పెట్టి, చుట్టూ సుద్దతో గీసి, అన్ని పొరలూ ఒకేసారి కోస్తాడు. అట్ట సరిగ్గా ఉంటే అన్నీ సరిగ్గా వస్తాయి. అట్ట తప్పితే అన్నీ తప్పుతాయి. ఆ అట్టలన్నీ గోడకు మేకుల మీద వేలాడుతుంటాయి. ఎనిమిదేళ్ళ మేకుకు రెండు ఉన్నాయి. ఒకటి బడి పిల్లలది, ఒకటి పిట్టది.

నేను కుర్చీ ఎక్కి రెండూ దించాను. బడి పిల్లల అట్ట మీద వేలు పెడితే దుమ్ము అంటింది. పిట్ట అట్ట అంచు చుట్టూ తెల్లగా సుద్ద.

అన్నయ్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. నా చేతిలో అట్టలు చూసి ఆగిపోయాడు.

"ఎనిమిదేళ్ళ చొక్కాలు ఏ అట్టతో కోశావు?"

అన్నయ్య తుడిచిన చెయ్యే మళ్ళీ తుడుచుకున్నాడు.

"నిన్నే అడుగుతున్నా. పొరపాటా?"

"మొదటిసారి పొరపాటే" అన్నాడు. "చెయ్యి అలవాటుగా వాడి అట్ట తీసింది. గీసేశాను, కోసేశాను. కోశాక చూసుకున్నాను."

"మరి మిగతావి?"

బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. "పక్కన పెట్టలేకపోయానే. దాని మీద అరచెయ్యి ఆనించి చుట్టూ గీస్తుంటే వాడి ఒళ్ళు నిమిరినట్టుండేది. మెడ, భుజం, చంక. ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంటూ తరగతి మొత్తానికి కోసేశాను. ఆ మాత్రం తేడా ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను."

కోపం నషాళానికి అంటింది నాకు. అదే సమయంలో ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో నాకు చేతకాదు. చొక్కాను తీసి హేంగరుకు తగిలించి, గోడ మేకుకు వీపు మావైపు వచ్చేట్టు వేలాడదీశాను. పైన ఓ నీలం టోపీ పెట్టాను.

"చూడు. వీధికి వీపు పెట్టుకుని కూర్చున్నావు కదా ఇన్నాళ్ళూ, ఇప్పుడు చూడు. వదిన రోజూ చూస్తున్నది ఇదే. పిచ్చిదని రేపు కారెక్కిస్తున్నావే, ఆమె చూస్తున్నది ఇదే!"

అన్నయ్య చూశాడు. నిజంగా అప్పటిదాకా ఆయనకు ఆ రెండూ కలవలేదు. తను గీసిన గీత వీధిలోకి నడిచి వెళ్ళి తన భార్య కిటికీ ముందు నిలబడిందని తట్టలేదు. మిషను ముందున్న స్టూలు మీద కూలబడిపోయాడు.

"దానికి చెప్పొద్దు" అన్నాడు. "చెబితే వాడు మళ్ళీ పోతాడు. ఒకసారి చూసింది చాలు."

"చెప్పకపోతే ఆమె పోతుంది. ఆమే చెప్పింది నాతో."

అంతకుముందు నోటికి రాని వదిన మాట అప్పుడు చెప్పాను. అన్నయ్య అట్ట తీసుకుని వెనక గదిలోకి వెళ్ళాడు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. రమ్మన్నవాళ్ళు లేరు, పొమ్మన్నవాళ్ళు లేరు.

ఆయన ఏదీ దాచకుండా చెప్పాడు. మొదటి పొరపాటు, తర్వాత చేసింది, అంతా. వదిన మంచం మీద కూర్చుని విన్నది. ఆమె ఏడుస్తుందనుకున్నాను. లేకపోతే తను చూసింది వాణ్ణి కాదని తెలిసి విరుచుకు పడిపోతుందనుకున్నాను.

"మీరు ఒక్కరే నిమురుకున్నారా వాణ్ణి?" అంది.

అన్నయ్య తలెత్తాడు.

"నేనిక్కడ ఊచలు పట్టుకుని వీపు చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారి తిరగరా అని రోజూ అడుక్కుంటున్నాను. అక్కడ మీరు వాడి మెడా భుజమూ అన్నీ చేతులారా నిమురుకున్నారు. నన్ను పిలవలేదు." ఆమె గొంతు లేచింది. ఎన్ని నెలల తర్వాతో ఆ ఇంట్లో ఒక గొంతు లేచింది. "ఒక్కసారి పిలవలేకపోయారా? పక్కగదిలోనే కదా చచ్చాను నేను!"

"పిలవలేకపోయాను" అన్నాడు అన్నయ్య.

వదిన అట్ట లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. వేలితో అంచు వెంట మెడ దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఎడమ భుజం వాలు మీదికి వచ్చి అక్కడ ఆగింది. అప్పుడు ఏడ్చింది. వాడు పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. అన్నయ్య పక్కన కూర్చున్నాడు. నేను దుకాణంలోకి వచ్చేసి, చెయ్యాల్సిన కాజా ఏదీ లేకపోయినా సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చున్నాను.

కొంతసేపటికి వదిన తనే దుకాణంలోకి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. గోడకున్న చొక్కాను చూసింది. దగ్గరికెళ్ళి తాకి, టోపీ తీసేసింది.

"ఎవరి చొక్కా ఇది?"

"మందుల షాపావిడ కొడుకుది. వంకరగా నడుస్తున్నాడట, డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళారట."

"వంకరగా నడవరా మరి? ఎదిగే పిల్లలు. ఎముకలు అలాగే ఉండిపోతే?" అంది. కాసేపు చొక్కా వైపే చూసింది. ఆమె ఏం వదులుకోవాలో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. "అన్నీ తెప్పించు" అంది. "నేను విప్పుతాను."

ఆదివారం వదినవాళ్ళ అన్నయ్య కారు వేసుకుని వచ్చేసరికి మా దుకాణం నిండా చొక్కాల్లేని పిల్లలు. ముందురోజు సాయంత్రమే నేను ఇల్లిల్లూ తిరిగి కబురు చెప్పాను. విడిచిన చొక్కాలు పంపమంటే పిల్లల్నే పంపారు. బనియన్లతో కొందరు, అవి కూడా లేకుండా కొందరు, బల్ల కింద దూరి కొందరు, ఇస్త్రీ పెట్టె ముట్టుకోవద్దంటే ముట్టుకుని ఒకడు. ఆ గోలకు మిషను చప్పుడు కూడా వినపడలేదు. వదిన భుజం కుట్టు విప్పుతోంది, అన్నయ్య లోపల మడిచి వదిలిన గుడ్డను తీసి సరిచేస్తున్నాడు, మళ్ళీ వదినే కుడుతోంది. ఒక్కొక్కడినీ దగ్గరికి పిలిచి తొడిగి, ముందుకు తిప్పి, మొహంలోకి చూసి పంపుతోంది. అన్ని నెలలు వీపులు చూసిన మనిషి మొహాలన్నీ ఒకేరోజు చూసింది. ఏ మొహమూ వాడిది కాదు. చూసిన ప్రతిసారీ ఆమె పెదవి బిగుసుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది.

ఆ పెద్దమనిషి గుమ్మంలో నిలబడి, "ఏమిటిదంతా?" అన్నాడు.

"ఇవాళ ఖాళీ లేదన్నయ్యా" అంది వదిన తలెత్తకుండా.

ఆయనకు టీ ఇచ్చి సాగనంపాను. చీకటి పడేలోపు చొక్కాలన్నీ అయిపోయాయి. పిట్ట అట్టను అన్నయ్య మేకుకు తగిలించలేదు. వదిన దాన్ని తీసుకెళ్ళి తన బట్టల మధ్య పెట్టుకుంది.

సోమవారం పొద్దున ఆమె మళ్ళీ కిటికీ దగ్గర నిలబడింది. నేను పక్కనే నిలబడ్డాను. పిలవకుండానే అన్నయ్య కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. టోపీలు వచ్చాయి. పెద్దపిల్లలు వెళ్ళారు. తర్వాత వాడి తరగతి పిల్లలు. రెండు భుజాలూ సమంగా, ఒకణ్ణొకడు తోసుకుంటూ, ఎవరి నడక వాళ్ళు నడుచుకుంటూ పోయారు. వదిన ఒక్కో భుజాన్నీ చూసింది. ఎక్కడా వాడు లేడు. వీధి ఖాళీ అయింది.

"వెళ్ళిపోయాడు" అంది. అన్నయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడు గోడ మీదుగా చివరి టోపీ వచ్చింది. అందరికీ ఎడంగా, ఒంటరిగా. ఎడమ భుజం కిందికి వాలి ఉంది. తల కాస్త పక్కకు పెట్టి ఉంది.

ఏ చొక్కా మిగిలిపోయింది? ఏదీ మిగల్లేదు, నా చేత్తో మడిచి ఇచ్చాను అన్నీ. నేనింకా అదే ఆలోచిస్తున్నాను, వదిన పరుగెత్తింది. చెప్పులు లేకుండా, జుట్టు విరబోసుకుని, దుకాణంలోంచి, గడప దాటి, మెట్లు దిగి. ఆమె వెనక నేను. మలుపు తిరిగేసరికి ఆ పిల్లాడు కాస్త ముందు నడుస్తున్నాడు.

"పిట్టా!" అని అరిచింది వదిన.

ఆగాడు. వెంటనే తిరగలేదు. పిలిచింది తనను కాదని తెలిసిన వాళ్ళు ఆగినట్టు ఆగి, నెమ్మదిగా తిరిగాడు.

పెద్దది.

బ్యాగు ఎడమ భుజానికే తగిలించుకుంది. పొట్టి జుట్టు టోపీలోకి దోపుకుంది. మమ్మల్ని చూసి, తప్పు చేసి దొరికినట్టు, భుజం పైకి లేపబోయింది. కాస్త లేచి మళ్ళీ కిందికి దిగిపోయింది.

వదిన దగ్గరికెళ్ళి ఆ చొక్కా భుజం పట్టుకుని చూసింది. నేనూ చూశాను. అది పదేళ్ళ అట్టతో కోసిన చొక్కా. కుట్టులో ఏ తప్పూ లేదు.

"ఎందుకే ఇలా నడుస్తున్నావు?" అంది వదిన.

"నువ్వు కిటికీలో ఉంటావుగా" అంది పెద్దది నేల చూస్తూ. "ఇలా నడిస్తే చివరిదాకా చూస్తావుగా."

"అది నువ్వా? రోజూ?"

తలూపింది.

"సరిగ్గా నిలబడవే" అన్నాను నేను.

"రావట్లేదత్తా" అంది. "అలవాటైపోయింది."

వదిన దాని గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. చాలాసేపు చూసింది, ఊరి నుంచి అప్పుడే వచ్చినదానిలాగ. "ఎంత చిక్కిపోయావే" అంది. టోపీ తీసి, ఆ పొట్టి జుట్టులోకి వేళ్ళు పోనిచ్చింది. తర్వాత బ్యాగు విప్పి తన భుజానికి వేసుకుని, దాని ఎడమవైపుకు వచ్చి, చంక కింద చెయ్యి పెట్టి భుజాన్ని నెమ్మదిగా పైకి పట్టుకుంది.

"నడువు" అంది. "నేనూ వస్తున్నా."

బడి గంట అప్పటికే కొట్టేశారు. వాళ్ళిద్దరూ తొందరపడలేదు. నేను మలుపు దగ్గర గోడకానుకుని, వాళ్ళు గేటు దాకా వెళ్ళడం చూశాను. మధ్యలో ఎక్కడో పెద్దది ఏదో చెప్పడం మొదలుపెట్టింది, వదిన తల వంచి వింటోంది.